నుడికారాల కార్డుల పెట్టె: పచ్చ కట్ట కోసం కొనండి, నీలం కట్టను సరిచేసుకోండి

650 రూపాయల పెట్టె ఇది. విశాఖలో ద్వారకానగర్ వైపు స్టేషనరీ షాపుల్లో అడిగితే తీసి ఇస్తున్నారు, రెండు మూడు కలిపి తీసుకుంటే 600కి వదులుతున్నారు. మాటను ఉన్నదున్నట్టు, అక్షరాలా తీసుకునే పిల్లలకు పాఠం చెప్పే టీచర్ల కోసం తయారుచేశారు. లోపల రెండు కార్డుల కట్టలు, మూడు నిమిషాల ఇసుక గడియారం, 16 పేజీల చిన్న పుస్తకం ఉంటాయి. నీలం కట్ట పిల్లలకు. 60 కార్డులు, ముందువైపు జాతీయమూ దాని బొమ్మా, వెనకవైపు అర్థం. పచ్చ కట్ట టీచర్లకు. 24 కార్డులు, ముందువైపు తరగతిలో రోజూ అనేసే మాట, వెనకవైపు దాని బదులు అనాల్సిన మాట.

పెట్టె మూత మీద బొమ్మలన్నీ నీలం కట్టవే. షాపువాళ్ళు చూపించేదీ అదే. పెట్టిన డబ్బుకు పని చేసేది మాత్రం పచ్చ కట్ట.

ఎందుకో చెప్పాలంటే ఒక ఆరో తరగతి గదిలో ఒక్క పీరియడ్ కూర్చుంటే చాలు. ‘గోరంతలు కొండంతలు చెయ్యడం’ లాంటి జాతీయం తెలుగు వాచకంలో నెలకోసారి వస్తుందేమో. ‘ఆ కిటికీ మూస్తావా?’ అన్న మాట రోజుకు పదిసార్లు వస్తుంది. మాటను అక్షరాలా తీసుకునే పిల్లవాడు ‘మూస్తాను’ అని జవాబు చెప్పి కూర్చుంటాడు. అడిగింది ప్రశ్న, ఇచ్చింది జవాబు. ‘నీకెన్నిసార్లు చెప్పాలి?’ అంటే కాస్త ఆలోచించి ‘రెండుసార్లు’ అంటాడు. టీచరుకు అది పొగరులా వినిపిస్తుంది, వాడు లెక్కపెట్టి చెప్పాడు. తగువు అక్కడ మొదలవుతుంది. పచ్చ కట్టలో మొదటి ఎనిమిది కార్డులూ ఇలాంటి ప్రశ్న రూపంలో ఉన్న ఆజ్ఞల మీదే పెట్టడం మంచి ఎంపిక.

వాటి వెనకున్న సూత్రం సులువు: పేరు, వస్తువు, ఎంత, పని. ‘రవీ, రెండో కిటికీ మూయి.’ పేరు ముందు రావాలి. ‘అందరూ పుస్తకాలు తియ్యండి’ అన్నప్పుడు ‘అందరూ’లో తనూ ఉన్నానని కొందరు పిల్లలకు తట్టదు. పేరు చివర్లో పిలిస్తే, తల తిప్పేసరికి చెప్పింది అయిపోతుంది. చెప్పాక మనసులో పది లెక్కపెట్టి ఆగాలి. కదల్లేదు కదా అని రెండో సారి మాట మార్చి చెప్తే వాడికది రెండో పని. మళ్ళీ చెప్పాల్సి వస్తే అవే మాటలు, అదే వరసలో చెప్పాలి. ఈ ఆగడం సంగతి తొమ్మిదో కార్డు మీద ఉంది, కానీ అడుగున చిన్న అక్షరాల్లో. దాన్ని ఒకటో కార్డుగా పెట్టాల్సింది.

పచ్చ కట్టలో అన్నిటికంటే పనికొచ్చేది 12వ కార్డు. తెలుగు వాక్యం నడిచే తీరును పట్టుకున్న కార్డు ఇదొక్కటే. ‘డైరీ తీసి, హోంవర్కు రాసుకుని, సంచి సర్దుకుని లైన్లో నిలబడు.’ వినడానికి ఒక వాక్యం, అందులో నాలుగు పనులు. తీసి, రాసుకుని, సర్దుకుని అంటూ మనం ఎంత దూరమైనా లాక్కుపోగలం, ఆజ్ఞ మాత్రం ఆఖరి క్రియలోనే ఉంటుంది. ఆ ఆఖరి ముక్కే చెవిన పడ్డ పిల్ల లేచి వెళ్ళి లైన్లో నిలబడుతుంది, సంచి బల్ల మీదే ఉంటుంది. కార్డు వెనక నాలుగు విడి వాక్యాలు ఇచ్చారు: ‘డైరీ తియ్యి. బోర్డు మీదున్న హోంవర్కు రాయి. సంచి సర్దు. లైన్లో నిలబడు.’ వాటిని బోర్డు మీద ఒకటి, రెండు అని అంకెలు వేసి రాసి, ఒక్కోటీ అయ్యాక పిల్ల చేతే టిక్కు పెట్టించమన్నారు. చెరిపెయ్యమనలేదు, అదీ మంచిదే. చెరిపేస్తే ఎక్కడి దాకా వచ్చిందో తెలియదు.

‘మనం’ మీదున్న కార్డు కూడా బాగుంది. ‘ఇప్పుడు మనం లెక్క చేద్దాం’ అని టీచరు అంటే అసలు ఉద్దేశం ‘మీరు చెయ్యండి’ అనే కదా. పిల్లవాడు టీచరు వచ్చి పక్కన కూర్చుంటారని పెన్సిలు పట్టుకుని ఎదురుచూస్తాడు. ‘బొమ్మ గీద్దామా?’ అంటే ‘వద్దు’ అంటాడు. వద్దనే వీలు లేని చోట అలా అడగకూడదు. ‘ఆరు లెక్కలు చెయ్యి. అయ్యాక చెయ్యెత్తు’ అనాలి. అలాగే ‘పరుగెత్తకు’ అనే చోట ‘నడు’ అనాలి. వద్దన్న పని తెలుస్తుంది గానీ చెయ్యాల్సిన పని అందులో లేదు, గెంతుకుంటూ వెళ్తే మాట విన్నట్టే లెక్క.

‘చూద్దాంలే’ కార్డును స్టాఫ్ రూములో గోడకు అంటించాలి. తెలుగులో ‘చూద్దాం’ అంటే నూటికి తొంభై సార్లు కాదనే. పిల్లవాడు మాత్రం అదొక మాట ఇచ్చినట్టు తీసుకుని పావుగంటకోసారి వచ్చి ‘ఇప్పుడు చూద్దామా?’ అని అడుగుతాడు. కార్డు వెనక ‘ఈరోజు కుదరదు. శుక్రవారం ఆటల పీరియడ్‌లో ఆడొచ్చు’ అని ఉంది. సరైన జవాబు, ఒక షరతు మీద: శుక్రవారం ఆడించి తీరాలి. అనుమానం ఉంటే రోజు చెప్పకుండా ‘కుదరదు’ దగ్గర ఆపాలి.

ఈ కట్టకు పెద్ద లోపం భాష. సగం కార్డుల వెనక ‘పుస్తకమును తెరువుము’, ‘నిశ్శబ్దముగా ఉండుము’ వంటి వాక్యాలు అచ్చువేశారు. ఏ టీచరూ అలా మాట్లాడరు, మాట్లాడితే పిల్లలు నవ్వుతారు. కొనగానే స్కెచ్ పెన్ను పట్టుకుని 24 కార్డులనూ మీరు మాట్లాడే తెలుగులోకి మార్చుకోండి, అరగంట పని. ‘బేగి రా’ అనే ఊళ్ళో ‘త్వరగా రమ్ము’ అన్న కార్డెందుకు? అయితే మారుస్తున్నప్పుడు ‘బేగి’తో కూడా జాగ్రత్త, ఎంత బేగి అన్నది అందులో లేదు. ‘గంట కొట్టేలోపు రా’ అంటే ఉంది.

పిలుపుల మీద ఒక్క కార్డూ లేకపోవడం ఆశ్చర్యం. మన బడుల్లో టీచర్లు ముద్దుగా ‘నాన్నా, ఇలా రా’, ‘ఏం తల్లీ, రాయలేదా’ అంటారు. ‘నేను మీ నాన్నను కాదు’ అని ఖచ్చితంగా సవరించే పిల్లలున్నారు. ‘ఆ అక్కకు ఇచ్చి రా’ అంటే కదలకుండా ‘మా అక్క ఇంట్లో ఉంది’ అనే పిల్లలూ ఉన్నారు. ముద్దు మానెయ్యక్కర్లేదు. పేరు ముందు పెట్టి ‘రవీ, ఇలా రా నాన్నా’ అంటే పిలిచింది ఎవర్నో తేలిపోతుంది. పెద్ద పిల్లలకైతే ‘ఇష్టంగా పిలిచేటప్పుడు నాన్నా అంటాను’ అని ఒకసారి విప్పి చెప్పేస్తే సరిపోతుంది. వెళ్ళేటప్పుడు ‘వెళ్ళొస్తాను’ అనడమూ అంతే. మనకు ‘వెళ్తాను’ అనడం నోటికి రాదు, అశుభం. విజిటింగ్ టీచరు ‘వెళ్ళొస్తానమ్మా’ అని వెళ్ళిపోతే గేటు దగ్గర ఎదురుచూసే పిల్ల ఉంటుంది. ‘మళ్ళీ మంగళవారం వస్తాను’ అని జోడిస్తే చాలు.

ఇక నీలం కట్ట. అసలు పేచీ దీనితోనే.

ముందువైపు జాతీయం, దాని కింద కార్డులో మూడు వంతులు ఆక్రమించిన రంగుల కార్టూన్. ఆ కార్టూన్ జాతీయానికి అక్షరాలా ఉన్న అర్థాన్ని గీసింది. ‘కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి’ కార్డు మీద పొట్ట లోపల నిజంగా నాలుగు ఎలుకలు. ‘చెవులు కొరుక్కోవడం’ కార్డు మీద ఒకరి చెవి ఇంకొకరి పళ్ళ మధ్య. మామూలు పిల్లలకు సరదా. ఎవరి కోసం ఈ పెట్టె కొన్నామో వాళ్ళకు మాత్రం పక్కదారి. బొమ్మతో గుర్తుపెట్టుకునే పిల్లల మనసులో నిలిచేది ఆ పొట్టలోని ఎలుకలే. ‘బాగా ఆకలేస్తోంది’ అన్న అసలు అర్థం వెనకవైపు చీమల బారులాంటి అక్షరాల్లో ఉంది. చిన్న పిల్లలైతే భయపడతారు కూడా. బొమ్మ వెయ్యాల్సింది ఆకలితో పొట్ట పట్టుకున్న పిల్లవాడిని, ఎదురుగా టిఫిన్ డబ్బా.

కట్ట పారెయ్యక్కర్లేదు. తెల్ల స్టిక్కర్ షీటు ఒకటి కొని, కార్టూన్ సైజుకు ముక్కలు కత్తిరించి అంటించండి. దాని మీద సందర్భాన్ని గీత బొమ్మగా వెయ్యండి, లేదా ఒక్క వాక్యం రాయండి: ‘మధ్యాహ్నం ఒంటిగంట. రవి ఇంకా అన్నం తినలేదు.’ కార్డును వెనక నుంచి ముందుకు నేర్పండి. ముందు సందర్భం, తర్వాత అర్థం, ఆఖరున జాతీయం. ఒక్క వారంలో రెండు జాతీయాలు దాటొద్దు. మూడో రోజు కార్డు లేకుండా ఆ మాటను మాటల మధ్యలో వాడి, ‘అంటే ఏమిటి?’ అని కాకుండా ‘ఇప్పుడు రవికి ఏం కావాలి?’ అని అడగండి. అర్థం బట్టీ పట్టిన పిల్ల మొదటి ప్రశ్నకు జవాబు చెప్తుంది, రెండోదానికి తడుముకుంటుంది. ‘అర్థమైందా?’ అని ఎప్పుడూ అడగొద్దు. అయిందనే అంటారు.

ఇంకో సంగతి కార్డుల్లో ఎక్కడా లేదు: ఆ మాట ఎవరితో అనొచ్చు, ఎవరితో అనకూడదు. ‘కళ్ళు నెత్తికెక్కాయి’ 31వ కార్డు. అర్థం ‘గర్వం పెరిగింది’ అని చక్కగా రాశారు, అది తిట్టని మాత్రం రాయలేదు. నేర్చుకున్న మాటను వాడి చూపించాలన్న ఉత్సాహంతో పిల్లవాడు హెడ్మాస్టరు గారి దగ్గర వాడితే తప్పెవరిది? కార్డు మూలన మూడు రంగుల చుక్కల్లో ఒకటి పెట్టుకోండి. ఆకుపచ్చ అంటే ఎవరితోనైనా, పసుపు అంటే స్నేహితులతో, ఎరుపు అంటే వింటే చాలు, అనొద్దు. మేం లెక్క వేస్తే 60లో 17 ఎరుపులోకే వెళ్ళాయి.

ఎంపిక కూడా ఒంటివైపుగా ఉంది. పుస్తకాల్లో కనిపించేవి దండిగా పెట్టి, ఇంట్లో రోజూ వినిపించేవి వదిలేశారు. మన ఇళ్ళలో దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. అక్షరాలా తీసుకునే పిల్లకు రెండోది మరీ చిక్కు. మాట చెప్పేది నిండుగా ఉందని, డబ్బా చూస్తే ఖాళీ. వెళ్ళి డబ్బా మూత తీసి చూసి వచ్చి ‘అబద్ధం చెప్పారు’ అంటుంది. అశుభం పలక్కూడదని తిప్పి చెప్పే మాటలివి, కారణం చెప్తే పిల్లలు బాగానే పట్టుకుంటారు. ‘లేదు, అయిపోయింది అనడం పెద్దవాళ్ళకు ఇష్టం ఉండదు. అందుకని నిండుకుంది అంటారు.’ రెండు వాక్యాలు. ఇలాంటివి పది కార్డులు సొంతంగా చేసుకోవాల్సిందే. ‘షాపు కట్టేశారు’, ‘ఫ్యాను కట్టెయ్’ కూడా అందులో చేర్చండి. తెలుగింటి పిల్లలకు ఇవి చిన్నప్పటి నుంచి విని విని అలవాటు, చిక్కు రాదు. నేవీ, రైల్వే, స్టీల్ ప్లాంటు ఉద్యోగాల మీద వచ్చిన హిందీ, ఒడియా కుటుంబాల పిల్లలకు, పాడేరు, అరకు వైపు నుంచి వచ్చి కువి, ఆదివాసీ ఒడియా ఇంట్లో మాట్లాడే పిల్లలకు ‘కట్టెయ్’ అంటే తాడు కావాలి.

ఇక్కడే చిన్న పుస్తకం మీద ఒక ఫిర్యాదు. మాటను అక్షరాలా తీసుకోవడం అంటే ఆటిజమే అన్నట్టు రాసుకొచ్చారు. వినికిడి లోపం ఉన్న పిల్లలు, భాష ఆలస్యంగా వచ్చిన పిల్లలు, తెలుగు రెండో భాషగా నేర్చుకుంటున్న పిల్లలు, వీళ్ళందరిలోనూ ఉండేదే. ఆటిజం ఉండి కూడా, భాష మీద పట్టున్న పిల్లలు జాతీయాలు చక్కగా వాడతారు. పైగా 11వ పేజీలో ‘చట్టం గుర్తించిన 7 వైకల్యాలు’ అని జాబితా ఇచ్చారు. అది 1995 నాటి చట్టం, అందులో ఆటిజం పేరే లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 ఉన్నాయి, ఆటిజం వాటిలో ఒకటి. ఆటిజం మీద పుస్తకం వేసి ఆటిజం లేని జాబితా ఇవ్వడమేమిటో. ఆ పేజీ చూసి ఏ తల్లిదండ్రులైనా తమ పిల్లలకు వైకల్య సర్టిఫికెట్ రాదనుకునే ప్రమాదముంది, చింపెయ్యండి.

పరీక్షల భాష గురించి పెట్టెలో ఏమీ లేదు. ఇది పెద్ద లోటు. ‘కారణం చెప్పగలరా?’ అన్న ప్రశ్నకు ‘చెప్పగలను’ అని రాసి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతారు. ‘మీ సొంత మాటల్లో రాయండి’ దగ్గర ఆగిపోతారు, మాటలన్నీ అందరివీ కదా, సొంతవి ఎక్కడి నుంచి తేవాలి? ‘రెండు మూడు వాక్యాల్లో’ అంటే రెండా, మూడా? సీబీఎస్‌ఈ మూడు గంటల పేపరుకు దివ్యాంగ విద్యార్థులకు 60 నిమిషాలు అదనంగా ఇస్తుంది. ప్రశ్న ఏమడుగుతోందో తెలియకపోతే ఆ గంట కూడా పెన్ను తిప్పుతూనే గడిచిపోతుంది. పాత పేపర్లు ముందేసుకుని ప్రశ్నల్లోని క్రియలను మాత్రం గుండ్రం చుట్టించి, ఒక్కోదానికీ పని రాయించండి. ‘పోల్చండి’ అంటే రెండు గడుల పట్టీ గీసి, ఒక్కో గడిలో మూడు అంశాలు. ‘వివరించండి’ అంటే ఏమిటి, ఎలా, ఎందుకు, ఒక్కోదానికి రెండు వాక్యాలు. ‘సొంత మాటల్లో’ అంటే పుస్తకం మూసి, స్నేహితుడికి చెప్పినట్టు రాయడం. ఇవి ఒక పది కార్డులు చేస్తే పదో తరగతి దాకా పనికొస్తాయి.

వెటకారానికి ఒక కార్డు ఉంది, సరిగ్గానే ఉంది: మానెయ్యమంది. ‘ఆహా, ఎంత బాగా రాశావో!’ అంటే ‘థాంక్యూ టీచర్’ అంటారు.

పచ్చ కట్టకు మనం చేర్చుకోదగ్గ కార్డు మరొకటుంది. దాని మీద రెండే మాటలు: ‘మాట వరసకు’. జాతీయాలన్నీ మాని పొడిపొడిగా మాట్లాడమని ఎవరూ అనరు. బయట లోకం అలా మాట్లాడదు, పిల్లలు ఎప్పటికైనా వాటిని దాటాల్సిందే. తరగతిలో అలాంటి మాట నోరు జారినప్పుడు ఈ కార్డు ఎత్తి చూపి, అసలు మాట వెంటనే చెప్పెయ్యాలి. నెలా రెండు నెలల్లో పిల్లలే ‘ఇది మాట వరసకా?’ అని అడగడం మొదలుపెడతారు. ఆ ప్రశ్న రావడమే కావాల్సింది.

కార్డులు పొడి గాలి ఉన్న గదులకే. దళసరి అట్టే గానీ ప్లాస్టిక్ పూత ఒకవైపే వేశారు. మన ఊరి తేమకు పూత లేని వైపు నీరు పీల్చి ఉబ్బుతుంది, కార్డు అప్పడంలా వంగుతుంది. బీచ్ రోడ్డు వైపు బడుల్లో వానాకాలం మొదలైన మూడు వారాలకే పేక కలిపినట్టు కలపడం కుదరదు. 125 మైక్రాన్ల పౌచ్‌లలో పెట్టి లామినేషన్ చేయించండి. చుట్టూ 3 మిల్లీమీటర్ల అంచు వదలమనండి, కార్డు అంచు దాకా కోసేస్తే మళ్ళీ గాలి దూరుతుంది. మూలలు గుండ్రంగా కత్తిరించండి. మెరిసే పౌచ్ వద్దు, ట్యూబులైటు వెలుగు పడి అక్షరం కనిపించదు. మ్యాట్ అడగండి. సరిచేసుకోవడాలు, స్టిక్కర్లు, చుక్కలు అన్నీ అయ్యాకే లామినేషన్.

ఇసుక గడియారం పక్కన పెట్టెయ్యండి. మూడు నిమిషాలని రాసి ఉంది, ఒకవైపు తిప్పితే 2 నిమిషాల 40 సెకన్లు, రెండోవైపు 3 దాటింది. చేతికి డిజిటల్ వాచీ ఉన్న పిల్లవాడు మొదటి రోజే పట్టుకుంటాడు, ఆ తర్వాత మీ ‘మూడు నిమిషాల’ మీద నమ్మకం ఉండదు. వంటింటి డిజిటల్ టైమర్ మేలు. ‘ఒక్క నిమిషం ఆగు’ అన్నా అదే నొక్కి 60 సెకన్లకు తిరిగి రావాలి.

ఊరి పేర్లతో నాలుగు కార్డులు చేర్చుకుంటే విహారయాత్రలప్పుడు గొడవ తగ్గుతుంది. డాల్ఫిన్ నోస్ దగ్గర డాల్ఫిన్ ఉండదు, డాబాగార్డెన్స్‌లో తోట ఉండదు. ‘రేపు సబ్‌మెరైన్ ఎక్కుదాం’ అంటే సముద్రం అడుగుకు వెళ్తామని రాత్రంతా నిద్రపోని పిల్లలుంటారు. ముందు రోజు ఇచ్చే కార్డు మీద ఇలా ఉండాలి: ‘కురుసుర అనే సబ్‌మెరైన్ ఆర్కే బీచ్‌లో ఒడ్డు మీద ఉంటుంది. అది కదలదు. ఒకవైపు నుంచి లోపలికి వెళ్తాం. ఇంకోవైపు నుంచి బయటికి వస్తాం. లోపల ఇరుకుగా ఉంటుంది.’

తరగతికొకటి అక్కర్లేదు, స్టాఫ్ రూముకు ఒక పెట్టె చాలు. ఇంట్లో వాడుకుందామనుకునే తల్లిదండ్రులకు 650 ఎక్కువే, నోటుపుస్తకం వెనక పేజీల్లో పచ్చ కట్టను మీరే రాసుకోవచ్చు. పచ్చ కట్ట ఒక్కటే 200కి విడిగా అమ్మితే కళ్ళు మూసుకుని కొనమని చెప్పేవాళ్ళం. విడిగా ఇస్తారా అని షాపులో అడిగితే ‘చూద్దాం సార్’ అంటున్నారు.